మే నెల ఎండలో చలికి చచ్చిపోయిన కోడిపిల్లలు

మిట్ట మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండ కాసిన రోజే, చీకటి పడేలోపల మా కోడిపిల్లలు ఆరు చలికి చచ్చిపోయాయి. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నమ్మరు. తాడిపత్రి పక్కన మే నెలలో చలేంటి, వడదెబ్బ కొట్టి ఉంటుందిలే అంటారు. వడదెబ్బ కాదు. నీళ్లలోంచి ఒక్కొక్కదాన్ని నా చేతులతోనే తీశాను, తొట్టి అడుగున రాయి పట్టుకుంటే ఎంత చల్లగా తగులుతుందో అంత చల్లగా ఉన్నాయి.

ఇది జరిగి రెండేళ్లయింది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య మా వైపు నాటుకోళ్లు పెంచేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. ఇంటి వెనక నాలుగు అడుగుల జాగా ఉంటే చాలు, పది పిల్లలు తెచ్చి వదులుతున్నారు. చాలా సంతోషం. కానీ అందరూ ఎండ గురించే అడుగుతున్నారు, గద్ద గురించి అడుగుతున్నారు, పిల్లి గురించి అడుగుతున్నారు. గాలివాన గురించి ఒక్కరూ అడగడం లేదు. నేనూ అప్పుడు అడగలేదు.

ఆ రోజు జరిగింది మొదట చెప్తాను.

మాకు రెండు పెట్టలు ఒకేసారి పొదిగాయి. కాకి పెట్ట, అంటే నల్లదాని కింద తొమ్మిది, డేగ పెట్ట, అంటే ఎర్రదాని కింద ఎనిమిది లేచాయి. డేగ పెట్ట మళ్లీ తొందరగా గుడ్లకు వస్తుంది కదా అని దాని పిల్లల్ని కూడా రాత్రిపూట కాకి పెట్ట కింద కలిపేశాను. మొత్తం 17. మొదటి వారం ఏ ఇబ్బందీ లేదు, గుప్పెడంత పిల్లలు కదా, అన్నీ రెక్కల కింద సర్దుకుని పడుకునేవి. పద్దెనిమిదో రోజుకు ఒక్కొక్కటి పిడికిలి కంటే పెద్దదయింది. రాత్రి లైటు వేసి చూస్తే ఐదారు పిల్లల వెనక భాగాలు బయటికే కనపడేవి. చూసి ముచ్చటపడ్డానే తప్ప దాని అర్థం ఏమిటని ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం నేను పని మీద తాడిపత్రిలోకి వెళ్లాను. కోళ్లను దొడ్లో వేపచెట్టు కింద వదిలి, ఎండ పడకుండా ఒక పక్కన గంప బోర్లించి, నీళ్లు పెట్టి వెళ్లాను. మూడున్నరకు పడమర నల్లగా కమ్మింది. ముందు గాలి, దాంతోపాటు ఎర్రటి దుమ్ము, ఎదురుగా ఉన్న మనిషి కనపడనంత. బస్టాండు దగ్గర ఒక అంగట్లోకి దూరి నిలబడ్డాను. చినుకులు మొదలైన నిమిషానికే వడగండ్లు, శనక్కాయ విత్తనాలంత. ఎక్కువసేపేం కాదు, ఇరవై నిమిషాలు. అంతసేపూ నా ధ్యాస మిద్దె మీద ఆరబోసిన మిరపకాయల మీదే ఉంది, సిగ్గుగా ఉన్నా నిజం ఇదే.

ఇంటికొచ్చి చూస్తే గంప ఎక్కడో కంచెకు తగులుకుని ఉంది. కాకి పెట్ట వేపచెట్టు మొదట్లో కూర్చుని ఉంది. ఆ చెట్టు మొదట్లో కోళ్లు రోజూ మట్టిలో పొర్లి పొర్లి ఒక గుంత చేసుకున్నాయి. గాలి రాగానే ఎక్కడుంటే అక్కడే, అంటే ఆ గుంతలోనే పిల్లల్ని పొదువుకుని కూర్చుంది. దొడ్లో నీళ్లన్నీ వాలి వచ్చింది ఆ గుంతలోకే. తల్లి లేవలేదు. నీళ్లు దాని పొట్టదాకా వచ్చినా లేవలేదు. నేను దగ్గరికి పోతే పొడవబోయింది కూడా. రెక్కల కింద ఉన్న ఆరు పిల్లలు బాగానే ఉన్నాయి, తడిసి అరుస్తున్నాయి, అంతే. చుట్టూ అంచున ఉన్న పదకొండు మాత్రం నీళ్లలో పడి ఉన్నాయి.

పదకొండూ చచ్చిపోయాయనే అనుకున్నాను. ఏడుస్తూ చేటలోకి ఏరుతుంటే పక్కింటి అవ్వ గోడ మీంచి చూసింది. ఆమెకు డెబ్బై దాటాయి, బుద్ధి తెలిసినప్పటి నుంచీ కోళ్లు సాకుతూనే ఉంది.

“చచ్చినాయని ఎవరు చెప్పినారు నీకు? ఉండు పాపా, పారేయొద్దు, నేనొస్తాండా” అంది.

వచ్చి చేటలో ఉన్న పిల్లల్ని ఒక్కొక్కటే తీసి కళ్ల రెప్పలు వేలితో తాకి చూసింది, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. ఐదింటిని విడిగా పెట్టింది. నాకైతే ఈ ఐదింటికీ ఆ ఆరింటికీ ఏమీ తేడా కనపడలేదు. పాత నూలుచీర ముక్క అడిగి, ఒత్తకుండా, అద్దినట్టు నీళ్లు తీసింది. రుద్దితే నూగు కిందికి నీళ్లు ఇంకా లోపలికి పోతాయట. తర్వాత రెండింటిని తన రవికలో, ఒంటికి ఆనించి పెట్టుకుంది. రెండు నాకిచ్చింది. ఇంకొకదాన్ని నీళ్లు కాచే పొయ్యికి ఒక మూర ఎడంగా, గుడ్డ పరిచిన చేటలో పెట్టింది.

నా చేతిలో ఉన్నదాని కాళ్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి. పసుపుగా ఉండాల్సిన కాళ్లు పాలిపోయాయి, వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి, విచ్చుకోని మొగ్గలాగ. గొంతు దగ్గర మాత్రం ఏదో అతి చిన్నగా కొట్టుకుంటోంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఏమీ లేదు. అరగంటకు ఒక కాలి వేళ్లు నెమ్మదిగా విచ్చుకుని నా చూపుడు వేలు పట్టుకున్నాయి. తర్వాత ముక్కు ఒకసారి తెరిచి మూసింది. గంటకు ‘కీచ్’ మంది.

గొంతు తడుపుదామని నేను చెంచాతో నీళ్లు తెచ్చాను. అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది. “ఒళ్లు కాగకముందే నీళ్లు పోస్తే మింగేకి దానికి చేతనవుతాదా? ఊపిరికి పోతాయి. అది లేచి నిలబడినాక నువ్వు పోయొద్దన్నా అదే తాగుతాది.” అట్లాగే అయింది. నిలబడ్డాక గోరువెచ్చని నీళ్లలో కాస్త బెల్లం కలిపి మూకుట్లో పెడితే వాటంతట అవే తాగాయి. నూకలు ఆ తర్వాత. ఐదూ బతికాయి. ఆరు పోయాయి.

తర్వాత ఒకరోజు పశువైద్యశాలకు వెళ్లినప్పుడు డాక్టరుగారిని అడిగాను, అంత ఎండలో చలికెలా పోతాయి సార్ అని. ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. పొదిగి లేచిన పిల్లకు మొదటి వారంలో చుట్టూ 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గుతూ పోతుంది. పెట్ట ఒళ్లు దాదాపు 41 డిగ్రీలు ఉంటుంది, అందుకే పిల్ల తల్లి కిందికి దూరుతుంది. ఒళ్లు తనంతట తానే వెచ్చగా ఉంచుకోవడం పిల్లకు రెండు మూడు వారాలదాకా సరిగ్గా చేతకాదు. పైన ఉండేది నూగే కానీ ఈకలు కావు, పూర్తిగా ఈకలు రావడానికి ఐదారు వారాలు పడుతుంది. నూగు పొడిగా ఉన్నంతసేపే కంబళి. తడిసిందంటే అదే తడిగుడ్డ. దాని మీద గాలి వీచిందంటే మనం తడిగుడ్డ చుట్టిన నీళ్ల కుండ చల్లబడినట్టే పిల్ల కూడా చల్లబడుతుంది. గాలివానలో బయటి వేడి కూడా అరగంటలో 42 నుంచి 24, 25కు దిగిపోతుంది. మనకు హాయిగా ఉంటుంది, బయట నిలబడి మట్టివాసన పీలుస్తాం. ఆ అరగంటలోనే పిల్లలు పోతాయి.

అందుకే పిల్లల విషయంలో నా లెక్క మారిపోయింది. ఎండ ఎంత, చలి ఎంత అని తర్వాత చూస్తాను. మొదట చూసేది ఇవి పొడిగా ఉన్నాయా, గాలి నేరుగా కొడుతోందా అని. ఈ రెండూ చేతిలో ఉంటే మిగిలినదానికి మనకు టైమ్ దొరుకుతుంది.

ఇప్పుడు ఏమేం మార్చానో చెప్తాను.

ముందు లెక్క. ఒక పెట్ట కింద పది పిల్లలకు మించి ఉంచను, పెద్ద పెట్ట అయితే పన్నెండు. ఇది మొదటి రోజు ఎన్ని పడతాయన్న లెక్క కాదు, మూడో వారం ఎన్ని పడతాయన్న లెక్క. రెండు పెట్టల పిల్లల్ని కలిపే పని ఇక చేయను.

తర్వాత గూడు. మా దగ్గర బండలకు కొదవ లేదు, తాడిపత్రిలో పాలిష్ మిషన్ల దగ్గర పగిలిన ముక్కలు ఊరికే దొరుకుతాయి. అందుకని ఇక్కడ ప్రతి ఇంట్లో కోళ్ల గూడంటే నాలుగు పక్కలా బండలు, పైన ఒక బండ. మాదీ అట్లాగే ఉండేది. కుక్క రాదు, ముంగిస రాదు, వానకు కరగదు. కానీ ఎండాకాలంలో అది పెనం. ఒకసారి లోపల థర్మామీటరు వేలాడదీసి రాత్రి తొమ్మిదింటికి చూశాను, బయట 33 ఉంటే గూట్లో 38 ఉంది. పగలంతా తాగిన ఎండను బండ రాత్రంతా బయటికి కక్కుతుంది. లోపల పెట్ట, పిల్లలు, మూసిన తలుపు. ఈ లెక్కన పొద్దునకు రొప్పుతూ కనపడితే తప్పు వాటిది కాదు.

బండలు తీసేయలేదు, పైకప్పు మార్చాను. పైబండ మీద జానెడు మందాన జొన్నచొప్ప పరిచి, గాలికి లేవకుండా తాళ్లతో కట్టాను. మూడు పక్కలా బండలే, ముందు వైపు అర అంగుళం కన్ను ఉన్న జాలీ. అడుగు ఎత్తు అరుగు కట్టించి దాని మీద గూడు పెట్టాను, నీళ్లు ఎంత వచ్చినా లోపలికి ఎక్కకూడదు కదా. కప్పు ముందుకు అడుగున్నర చూరు ఉంది, కొంచెం వాలు ఉంది. గూడు ముఖం తూర్పు ఆగ్నేయానికి. దీనికి కారణం గాలి. మా దగ్గర జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి పగలూ రాత్రీ వీస్తూనే ఉంటుంది, రామగిరి కొండల మీద ఆ గాలిమరలన్నీ ఊరికే పెట్టలేదు. నవంబరు, డిసెంబరులో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది. రెండూ నేరుగా కొట్టని మూల అదొక్కటే మిగిలింది.

జాలీకి ఒక గోనెపట్టా తెర. దీన్ని కట్టే పద్ధతి నేను మొదట తప్పు చేశాను. పైనుంచి కిందికి జారే తెర కడితే, పైన మూసుకుని కింద సందు మిగులుతుంది, గాలి సరిగ్గా పిల్లల ఎత్తులోనే కొడుతుంది. కోళ్ల ఫారాల్లో చూడండి, తెర కిందినుంచి పైకి లేస్తుంది. అట్లా కట్టాలి. కింద అంచుకు వెదురుబద్ద కట్టి బరువు పెట్టాలి, పైన బెత్తెడు సందు ఎప్పుడూ వదలాలి. ఆ సందు కూడా మూస్తే రాత్రికి లోపల రెట్ట ఘాటు పేరుకుంటుంది, పొద్దున తలుపు తీస్తే మన కళ్లే మండుతాయి, ఇక నేలకు ఆనుకుని పడుకున్న పిల్లల సంగతి చెప్పాలా.

మూలల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి ఇది చెప్తాను. పెద్ద ఉరుము ఉరిమితే తల్లిలేని పిల్లలు ఒక మూలకు పరిగెత్తి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక పోతాయి. బయట ఏ దెబ్బా ఉండదు, పొద్దున చూస్తే మూలలో మూడు నాలుగు చచ్చి ఉంటాయి, పాము కరిచిందేమో అనుకుంటాం. హేచరీ నుంచి తెచ్చుకునే వనరాజా, గ్రామప్రియ పిల్లలకు ఈ గండం ఎక్కువ. అవి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం మన పెరళ్ల కోసమే తయారు చేసిన రకాలు, గట్టివే, కానీ వాటికి తల్లి ఉండదు. ఆ పని మనమే చేయాలి, ఐదారు వారాలు. అట్టపెట్టె విప్పి గుండ్రంగా తిప్పి లోపల నిలబెడితే మూలనేదే ఉండదు. ఖర్చు లేని పని.

తల్లిలేని పిల్లలకు వేడి ఎలా అన్నది ఇంకో తలనొప్పి. ఇళ్లల్లో అన్నీ ఎల్ఈడీ బల్బులే ఇప్పుడు, అవి వెలుగిస్తాయి కానీ వేడినివ్వవు. మా చుట్టాలమ్మాయి ఒకామె ఎల్ఈడీ పెట్టి, లైటు వెలుగుతోంది కదా అని ధీమాగా పడుకుంది, పొద్దున లేచి చూసి ఎంత బాధపడిందో. పాత గుండు బల్బు వెతికి తెచ్చుకోండి, 20, 25 పిల్లలకు 60 వాట్లది ఒకటి చాలు, నేలకు అడుగున్నర ఎత్తులో. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు, పిల్లలే చెప్తాయి. అన్నీ బల్బు కిందే ముద్దగా మూగి కీచుకీచుమంటుంటే చలి. గోడలకు అంటుకుని నోరు తెరిచి రొప్పుతుంటే వేడి. ఒకే పక్కకు పోయి కూర్చుంటే ఎదుటి పక్కనుంచి గాలి వస్తోందని. అక్కడక్కడా విస్తరించి కాళ్లు చాపి పడుకుంటే మీరూ పడుకోవచ్చు.

గాలివాన రాగానే మా దగ్గర ముందు పోయేది కరెంటు. అందుకని బల్బును నమ్ముకుని కూర్చోలేం. రెండు లీటర్ల సీసాలో వేడినీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, పాత తువ్వాలు చుట్టి పిల్లల మధ్యలో పెడతాను, గంటన్నర రెండు గంటలు కాపాడుతుంది. అవ్వ ఇటుకను పొయ్యిలో కాల్చి గోనెలో చుట్టి పెడుతుంది, అదీ బాగానే ఉంటుంది. కుంపటి మాత్రం మూసిన గదిలో వద్దు. బొగ్గుల గాలి పిల్లల్నే కాదు, అదే గదిలో పడుకున్న మనుషుల్ని కూడా చంపుతుంది.

వాన వస్తుందని ముందే ఎలా తెలుసుకోవాలి? నేను ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా మధ్యాహ్నం రెండు దాటితే పిల్లల్ని దూరం వదలను, గూటి పక్కనే కంచె వేసిన చోటే తిరగాలి. ఈ రోజుల్లో గాలివానలన్నీ దాదాపు మధ్యాహ్నం తర్వాతే లేస్తాయి. ఫోన్లో దామిని యాప్ ఉంది, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్లు చేసింది, 20, 40 కిలోమీటర్ల లోపల పిడుగులు పడుతుంటే చెప్తుంది. పిడుగుల నుంచి మనుషులు జాగ్రత్తపడటానికి చేశారు కానీ నాకు కోళ్లకూ పనికొస్తోంది, 40 లోపలికి వచ్చిందంటే గంప పట్టుకుని బయల్దేరతాను. విపత్తుల నిర్వహణ సంస్థ మెసేజీలు కూడా వస్తాయి, ఏ మండలంలో వడగాలులు, ఎక్కడ పిడుగులు అని. ఇవేవీ లేకున్నా గాలి ఒక్కసారిగా ఆగిపోయి ఉక్క పోసి, పడమర మబ్బు అంచు రాగిరంగు తిరిగిందంటే ఇక ఆలోచించొద్దు.

తల్లి మీద వదిలేయొద్దు, ఇది గట్టిగా చెప్తున్నాను. “దానికి తెలీదా, అదే చూసుకుంటుంది” అనుకునేదాన్ని. గద్ద విషయంలో తెలుసు దానికి, మన కంటే ముందే చూస్తుంది. వానకు మాత్రం ఉన్నచోటే కూర్చుండిపోతుంది. అందుకే చెట్టు కింద కోళ్లు చేసుకున్న గుంతలన్నీ వేసవి మొదట్లోనే మట్టితో పూడ్చేస్తాను. మళ్లీ చేసుకుంటాయి, మళ్లీ పూడుస్తాను. పొర్లడానికి గూటి చూరు కింద, వాన పడనిచోట, ఒక పాత బాణట్లో మట్టీ బూడిదా కలిపి పెట్టాను. ఇప్పుడు ఎక్కువ అందులోనే పొర్లుతున్నాయి.

ఇక ఎండ. దీని గురించి మీకందరికీ కొంచెం తెలుసు కాబట్టి కొన్ని మాటలే చెప్తాను. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మా వైపు భరణిలోనే ఆ పని మొదలవుతుంది. కోడికి చెమట పట్టదు, నోటితో రొప్పడమే దానికి ముఖ్యమైన దారి, రొప్పినకొద్దీ ఒంట్లో నీళ్లు పోతాయి. అందుకని నీళ్లే మందు. స్టీలు గిన్నెలో పెడితే పదకొండింటికల్లా వేడెక్కిపోతాయి, వేడినీళ్లు కోడి తాగదు. మట్టి మూకుడు పెట్టండి, అందులో పెన్నలో దొరికే గులకరాళ్లు నాలుగు వేయండి. రాళ్లు లేకపోతే చిన్న కోడిపిల్ల అందులోకి జారి పడి అంగుళం నీళ్లలో కూడా మునిగిపోతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు మార్చాలి. మేత పొద్దున తొమ్మిదిలోపల, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత, మిట్ట మధ్యాహ్నం వద్దు. మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తడిపిన గోనెలు గూటికి పడమర వైపు కాస్త దూరంగా వేలాడదీయండి, నాలుగు పక్కలా చుట్టేస్తే లోపల ఆవిరి నిండి ఇంకా అన్యాయమైపోతుంది. పిల్ల సోలిపోతే దాని మీద నీళ్లు చల్లొద్దు, నీడకు తెచ్చి కాళ్లు మాత్రం మామూలు నీళ్లలో ముంచండి. మళ్లీ అదే మాట, నూగు తడవకూడదు.

నీడకు రేకుల షెడ్డు కంటే కానగ చెట్టు ఎంతో మేలు. దాని కింద నిలబడితే మీకే తెలుస్తుంది.

అక్టోబరు, నవంబరుల్లో పడే వాన వేరే రకం. ఇది గాలివానలాగ వచ్చి పోయేది కాదు, బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మూడు నాలుగు రోజులు సన్నగా పట్టి కురుస్తుంది. 2021 నవంబరులో కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిపోయిన వారం గుర్తుంది కదా, మా దగ్గర అంత కాకపోయినా నేలంతా చెమర్చిపోయింది. ఇట్లాంటప్పుడు పైనుంచి తడి రాదు, కిందినుంచి వస్తుంది. గూట్లో పరిచిన పొట్టు మెల్లగా చెమ్మ పట్టి గడ్డ కడుతుంది. ఆ చెమ్మలోనే రక్త పారుడు మొదలవుతుంది, మూడు నాలుగు వారాల పిల్లలకు ఎక్కువ వస్తుంది. రెక్కలు వేలాడేసి, ముడుచుకుని నిలబడి, రెట్టలో రక్తం కనపడితే అదే రోజు పశువైద్యశాలకు పోవాలి, రేపు చూద్దామంటే కుదరదు.

పొట్టు సంగతి గుప్పెడుతో తెలుసుకోవచ్చు. గుప్పెడు తీసి గట్టిగా పిండి వదలండి. విడిపోయి రాలితే మంచిది. ఉండలా నిలబడితే మార్చేయాలి. మాకు శనక్కాయ పొట్టు దండిగా దొరుకుతుంది, దాన్నే పరుస్తాను, వెచ్చగా ఉంటుంది. కానీ నిల్వ ఉన్న పొట్టులో బూజు ఉంటే పిల్లలకు ఊపిరి జబ్బు వస్తుంది, ముక్కుతో వాసన చూసి, రెండు రోజులు ఎండబెట్టి వాడతాను. ముసురు రోజుల కోసం రెండు గోతాల ఎండిన పొట్టు మిద్దె మీది గదిలో ఎప్పుడూ ఉంచుకుంటాను. మొదటి నాలుగు రోజులు పొట్టు మీద గోనె పరవాలి, లేకపోతే మేతనుకుని పొట్టే తినేస్తాయి. న్యూస్ పేపర్ పరిస్తే కాళ్లు జారి పక్కలకు వంకరపోతాయి, అది నేను చూశాను, వద్దు.

ఒక జాగ్రత్త మనకు. వానకు పాములు కూడా పొడి జాగా వెతుక్కుంటాయి. చీకట్లో గూట్లోకి చెయ్యి పెట్టేముందు టార్చి వేసి మూలమూలా చూడండి, తర్వాతే చెయ్యి.

కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా కూడా ఇందులో కలిసిపోయిన విషయమే. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా అనే ఆ టీకా చుక్క కంట్లోనో ముక్కులోనో వేయించాలి. తడిసి నీరసపడ్డ పిల్లలకు అదే రోజు వేయకుండా తేరుకోనిచ్చి వేయమన్నారు డాక్టరుగారు.

ఇవన్నీ చేశాక అవ్వను అడిగాను, ఇంకేమన్నా ఉందా అవ్వా అని. ఆమె గూడంతా తిరిగి చూసి, చూరు కింద చెయ్యి పెట్టి చూసి, బాగుందంది. తర్వాత అడిగింది, “ఎండాకాలం పిల్లల్ని ఎందుకు లేపుతాండావు అసలు? సంకురాత్రి లోపల లేపుకోవాల. గాలివానలు వచ్చేపాటికి ఈకలు వచ్చేసింటాయి. ఎండాకాలం గుడ్లు తినేకి, పొదగబెట్టేకి కాదు.”

ఇంత రాసి చివర్లో చెప్తున్నాను కానీ మొదట వినాల్సింది ఇదే. అక్టోబరు ఆఖరు నుంచి డిసెంబరు మధ్యలోపల గుడ్లు పెట్టి పొదగబెడితే, 21 రోజులకు లేస్తాయి, ఏప్రిల్ నాటికి దాదాపు మూడు నెలలో, అంతకు మించో వయసున్న కోళ్లు. గాలివాన వస్తే వాటంతట అవే చూరు కిందికి పరిగెత్తుతాయి. చలికాలం రాత్రులు మా దగ్గర 15, 16కు దిగుతాయి, అది తెరతో, ఒక బల్బుతో సరిపోయే చలి. పైగా ఎండాకాలం గుడ్లు నిల్వ ఉండవు, నాలుగైదు రోజులకు మించి దాచి పెడితే సగం పిల్లలు లేవవు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను మార్చి తర్వాత పొదగబెట్టడం మానేశాను.

అయినా పెట్ట మన మాట వినదు కదా. ఈ ఏప్రిల్‌లో డేగ పెట్ట గడ్డివామి వెనక దొంగతనంగా గుడ్లు పెట్టుకుని, ఒక పొద్దున తొమ్మిది పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. వెళ్లగొట్టలేం కదా. పోయిన వారం మళ్లీ అదే గాలి, అదే దుమ్ము. ఈసారి నేను ఇంట్లోనే ఉన్నాను. ఫోన్ మోగగానే పోయి తల్లిని పట్టుకుని గూట్లో వేశాను, దాని అరుపుకు పిల్లలన్నీ వెనకే వచ్చేశాయి, తెర లేపి కట్టి కూర్చున్నాను. వాన వెలిసినా గంటసేపు వదల్లేదు. ఊరంతా ఉసిళ్లు లేచాయి, వీధిలైటు కింద మబ్బులాగ, గూట్లోంచి పిల్లలు జాలీకి ముక్కులు ఆనించి ఒకటే గోల. దొడ్లో నీళ్లు ఇంకా ఇంకలేదు. మా పాపేమో వదులు వదులు అని ఒకటే పోరు. చేటలో ఉసిళ్లు పట్టి తెచ్చి లోపలే పోయమని చెప్పాను, ఇద్దరం కలిసి మూడు చేటలు పట్టాం.